పంచుకునే విద్య - పట్టించుకునే బాధ్యత

పంచుకోవడం పల్నాటి సీమకు కొత్త సంగతి కాదు. పన్నెండవ శతాబ్దంలో మాచర్ల పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడు కులభేదం పాటించక అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. కార్తికమాసంలో కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవాలలో ఆ సంప్రదాయాన్ని నేటికీ పాటిస్తున్నారు. వడ్డించినవాడు తనదైన దానిని వడ్డించాడు. ఆ విందుకు గౌరవం అందువల్లనే వచ్చింది. పొరుగువాని గాదె తెరిచి ఊరందరికీ అన్నం పెట్టినవాడిని లోకం దాత అనదు. అయితే ఆ గాదె ఎంత తీసినా తరగనిదైతే? అప్పుడు కూడా తీసినవాడు దొంగేనా? కంప్యూటర్ల యుగం తెచ్చిపెట్టిన చిక్కు ప్రశ్న ఇది. ఆ గాదె తలుపు ఒక విద్యాసంస్థ ఆవరణలోనే ఉన్నప్పుడు జవాబు చెప్పవలసినవారు ఎవరన్నది దాని వెంట వచ్చిన మరో ప్రశ్న.

నరసరావుపేటలోనో, గురజాలలోనో ఒక కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలను ఊహించుకుంటే విషయం తేలికగా బోధపడుతుంది. గదిలోని యంత్రాలన్నిటినీ తీగలతో ఒకదానితో మరొకటి కలుపుతారు. దానినే స్థానిక నెట్‌వర్క్ అంటారు. ఒక విద్యార్థి తన యంత్రంలోని ఒక ఫోల్డరును అందరికీ తెరిచి ఉంచితే చాలు, అందులో ఉన్న పాఠ్యపుస్తకమో, పాటో, నిన్న విడుదలైన సినిమానో సాయంత్రానికి వసతిగృహమంతా చేరుతుంది. దీనికి బయటి ఇంటర్నెట్‌తో పని లేదు, పైసా ఖర్చు లేదు. మూలప్రతి ఉన్నచోటనే ఉంటుంది. నష్టపోయినవాడు ఎదురుగా కనిపించడు గనుక తప్పు చేశామన్న భావన కూడా మనసుకు తట్టదు.

అదే ఫైలు ఇంటర్నెట్ ద్వారా బయటివారికి చేరినప్పుడు కథ మారుతుంది. కళాశాలలో మూడు వందల యంత్రాలున్నా బయటి ప్రపంచానికి సాధారణంగా కనిపించేది ఒకటి రెండు చిరునామాలు మాత్రమే. లోపలి యంత్రాలన్నీ ఆ చిరునామా చాటున పనిచేస్తాయి. తన సినిమా ఎక్కడి నుంచి పంపిణీ అవుతున్నదో వెతికే నిర్మాతకు కళాశాల చిరునామా దొరుకుతుంది గాని, విద్యార్థి పేరు దొరకదు. ఏ గంటకు ఏ యంత్రం బయటకు వెళ్లిందో చెప్పగలిగేది కళాశాల సర్వరులో నమోదయ్యే చిట్టా ఒక్కటే. అందుచేత ఫిర్యాదు ముందుగా కళాశాల గడపకే వస్తుంది. అట్టి చిట్టాలను 180 రోజుల పాటు దేశంలోనే భద్రపరచాలని భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో సేవాసంస్థలను, మధ్యవర్తులను, నమోదిత సంస్థలను, ప్రభుత్వ కార్యాలయాలను ఆదేశించింది కూడా. "మాకేమీ తెలియదు" అని తప్పుకునే అవకాశం ఆనాటితో మరింత సన్నగిల్లింది.

ప్రతులు తీయడాన్ని మన పూర్వులు పాపంగా భావించలేదు కదా అని కొందరు వాదిస్తారు. ఆ మాటలో నిజం ఉంది. తాళపత్రాల కాలంలో లేఖకుడు ప్రతి రాయకపోతే కావ్యం చెదలపాలయ్యేది. సి.పి. బ్రౌన్ వేతనాలిచ్చి పండితుల చేత, లేఖకుల చేత ప్రతులు రాయించకపోతే ఎన్నో తెలుగు కావ్యాలు మనకు దక్కేవి కావు. కాని ఆనాటి కవి జీవిక ప్రతుల అమ్మకం మీద ఆధారపడలేదు. కవి తన కావ్యాన్ని కృతిపతికి అంకితమిచ్చేవాడు, కృతిపతి కవిని సత్కరించేవాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టికి అంకితం చేశాడు. ఆ తరువాత ఎన్ని ప్రతులు పుడితే కవికీ, కృతిపతికీ అంత కీర్తి. నేటి రచయితకు కృతిపతి లేడు. పుస్తకం కొన్న ప్రతి పాఠకుడూ అతనికి రవ్వంత కృతిపతియే. ప్రతి ఉచితంగా చేతులు మారిన ప్రతిసారీ ఆ రవ్వ రాలిపోతుంది.

కవి శ్రమకు తగిన ఫలం దక్కకపోతే ఎంత వేదన కలుగుతుందో తెలుగువారికి చెప్పిన కవి పల్నాటివాడే. వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ 1932లో 'ఫిరదౌసి' కావ్యాన్ని వెలువరించాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చిన గజనీ మహమ్మదు, కవి ఏళ్ల తరబడి శ్రమించి షానామాను ముగించిన తరువాత వెండి నాణేలు పంపిన కథ అది. సుల్తాను మాట తప్పాడు. ఫైలు పంచుకున్నవాడు ఏ మాటా ఇవ్వలేదు గనుక తప్పలేదు, నిజమే. కాని కవి చేతికి అందవలసినది అందకపోవడంలో రెండింటికీ భేదం లేదు.

ఇక బాధ్యత సంగతి. విద్యాసంస్థ బోనులో నిలబడిన తొలి ప్రసిద్ధ వ్యాజ్యానికి కంప్యూటర్‌తో సంబంధమే లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నాణెం వేస్తే ప్రతి తీసే జిరాక్సు యంత్రాలుండేవి. 1973లో ఒక పట్టభద్రుడు ఫ్రాంక్ మూర్‌హౌస్ రాసిన కథల పుస్తకం నుంచి ఒక కథను ఆ యంత్రంపై నకలు తీశాడు. విశ్వవిద్యాలయం తీయమని చెప్పలేదు, తీసినవాడెవరో దానికి తెలియదు. అయినా 1975లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం విశ్వవిద్యాలయాన్నే తప్పుపట్టింది. పుస్తకమూ మీరే ఇచ్చారు, యంత్రమూ మీరే పెట్టారు, దుర్వినియోగం జరగవచ్చునని ఊహించగలిగి ఉండి కూడా తగిన జాగ్రత్తలు తీసుకోలేదు, పెట్టిన హెచ్చరిక పలకలు కూడా చాలవు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ జిరాక్సు యంత్రం ఉన్నచోట నేటి సర్వరును నిలబెట్టి చూస్తే వాదన దాదాపు అక్షరం మారకుండా వర్తిస్తుంది.

పాతికేళ్ల తరువాత అదే జరిగింది. అమెరికాలో ఒక కళాశాల విద్యార్థి 1999లో రూపొందించిన నాప్‌స్టర్ అనే సాధనం ద్వారా పాటల ఫైళ్లు లక్షలాది విద్యార్థుల చేతులు మారాయి. 2000 ఏప్రిల్‌లో మెటాలికా అనే సంగీత బృందం నాప్‌స్టర్‌తో పాటు మూడు విశ్వవిద్యాలయాలను కూడా ప్రతివాదులుగా చేర్చి దావా వేసింది. వాటిలో యేల్, ఇండియానా విశ్వవిద్యాలయాలు తమ ప్రాంగణాలలో నాప్‌స్టర్‌ను నిలిపివేసి దావా నుంచి బయటపడ్డాయి. మూడు సంవత్సరాల తరువాత పాటల కంపెనీలు దారి మార్చాయి. 2003 ఏప్రిల్‌లో ప్రాంగణ నెట్‌వర్క్‌లలో ఫైళ్లను వెతికిపెట్టే సదుపాయాలు నడిపిన నలుగురు విద్యార్థుల మీదనే దావాలు వేశాయి. విశ్వవిద్యాలయాల జోలికి పోలేదు. ఆ పిల్లలు వేల డాలర్లు చెల్లించి రాజీ పడవలసి వచ్చింది. వారిలో ఒకరు ఏళ్ల తరబడి దాచుకున్న 12 వేల డాలర్లను అప్పగించాడు. సంస్థ తప్పుకుంటే భారం ఎవరి నెత్తిన పడుతుందో ఈ రెండు దావాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2008లో అమెరికా చేసిన ఉన్నత విద్యా చట్టం, ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలు విద్యార్థులకు ఏటా ఈ విషయమై తెలియజెప్పాలని, అక్రమ పంపిణీని అరికట్టే ప్రణాళిక ఉండాలని, వీలైనంతవరకు న్యాయసమ్మతమైన ప్రత్యామ్నాయాలు చూపాలని నిర్దేశించింది. ఆ చివరి షరతు మిక్కిలి వివేకవంతమైనది.

మన దేశంలో ఈ విషయం రెండు చట్టాల నడుమ నలుగుతున్నది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం తెలిసి ఉల్లంఘించినవారికి, అందుకు తోడ్పడినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపార లాభం కోసం చేయని పక్షంలో కారణాలు పేర్కొని శిక్ష తగ్గించే అధికారం న్యాయస్థానానికి ఉంది. నేరం చేసినది ఒక సంస్థ అయితే దానిని నడిపేవారు తమకు తెలియదనో, తగిన జాగ్రత్త తీసుకున్నామనో నిరూపించుకోవాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్ మాత్రం ఇతరుల సమాచారాన్ని చేరవేసే 'మధ్యవర్తి'కి రక్షణ కల్పిస్తుంది. పంపేది తాను కాకూడదు, అందుకునేవారిని తాను ఎంచకూడదు, సమాచారాన్ని మార్చకూడదు, తగిన శ్రద్ధ వహించాలి, అక్రమమని తెలిసిన వెంటనే తొలగించాలి. ఇవి షరతులు. మధ్యవర్తుల నిర్వచనంలో సైబర్ కేఫ్ పేరు ఉంది, విశ్వవిద్యాలయం పేరు లేదు. అయినా ఇతరుల తరఫున సమాచారాన్ని స్వీకరించే, నిలువచేసే, పంపే వారెవరైనా ఆ నిర్వచనం కిందికి వస్తారు గనుక విద్యార్థుల ఫైళ్లను చేరవేసే విశ్వవిద్యాలయం కూడా ఆ నీడన నిలబడవచ్చుననడం సమంజసమే.

'తెలియడం' అంటే ఏమిటి? పాటల కంపెనీకీ, మైస్పేస్ అనే సంస్థకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దీనికి జవాబిచ్చింది. ఎక్కడో ఏదో అక్రమం జరుగుతూ ఉండవచ్చునన్న సాధారణమైన ఎరుక చాలదు, ఫలానా రచన ఫలానా చోట ఉన్నదన్న నిర్దిష్టమైన ఎరుక ఉండాలి అన్నది. ప్రతి విద్యార్థి పెట్టెనూ తెరిచి చూడవలసిన పని విద్యాసంస్థకు లేదని దీని భావం. తెరిచి చూడటం తగదు కూడా. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రకటించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో చాలామంది పద్దెనిమిదేళ్లు నిండనివారు. వారి ఫైళ్లను రహస్యంగా గాలించే అధ్యాపకుడు కాపీరైట్‌ను కాపాడబోయి అంతకంటె విలువైన దానిని పాడుచేస్తాడు.

మరి సంస్థ తప్పు ఎక్కడ మొదలవుతుంది? తెలిసి మిన్నకున్నచోట మొదలవుతుంది. నిర్దిష్టమైన ఫిర్యాదు చేతికి అందిన తరువాత దానిని బీరువాలో పెట్టి తాళం వేయడం తటస్థత కాదు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' సినిమా విడుదలకు ముందే అందులోని చాలా భాగం బయటపడి ఊరూరా చేతులు మారింది. అది కళాశాలల్లో పుట్టిన తప్పు కాదు. కాని అట్టి ఫైలు తమ సర్వరులో ఉన్నదని తెలిసిన మరుక్షణం కూడా దానిని ఉండనిచ్చే సంస్థకు 79వ సెక్షన్ గొడుగు పట్టదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమా దొంగప్రతుల విషయంలో శిక్షలను ఇంకా కఠినం చేసింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫైలు పెట్టినది విద్యార్థి కాక, సంస్థయే అయితే? గ్రంథాలయాధికారి ఒక పాఠ్యపుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి అట్ట వరకు స్కాన్ చేసి కళాశాల సర్వరులో పెట్టాడనుకుందాం. అప్పుడు సంస్థ మధ్యవర్తి కాదు, స్వయంగా కర్త. చాలా కళాశాలలు పిల్లల పాటల ఫైళ్ల గురించి ఆందోళన పడుతూ ఈ సంగతిని మరచిపోతాయి. అయితే ఇక్కడ చట్టం విద్య పట్ల కఠినంగా లేదు. బోధన సందర్భంలో ఉపాధ్యాయుడో, విద్యార్థో రచనను పునరుత్పత్తి చేయడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. దీని అర్థాన్ని తేల్చినది ఢిల్లీ విశ్వవిద్యాలయపు జిరాక్సు వ్యాజ్యం. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ విశ్వవిద్యాలయ ఆవరణలోని రామేశ్వరి జిరాక్సు దుకాణం మీద, విశ్వవిద్యాలయం మీద దావా వేశాయి. అధ్యాపకులు సూచించిన పుస్తకభాగాలను కలిపి కుట్టి విద్యార్థులకు అమ్మడం వారి అభ్యంతరం. ఆ పుస్తకాల రచయితలలో ఒకరైన అమర్త్యసేన్ ప్రచురణకర్తల చర్యను వ్యతిరేకించడం గమనార్హం. 2016 సెప్టెంబరులో దావా కొట్టివేతకు గురైంది. డిసెంబరులో ధర్మాసనం కూడా బోధనకు ఎంత అవసరమో అంతమేరకు నకలు తీసుకోవచ్చునన్న సూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలు దావా విరమించుకున్నారు. ఈ తీర్పు పల్నాటి విద్యార్థికి పట్టెడన్నం వంటిది. బోధనకు అవసరమైన భాగాన్ని తరగతి కోసం సర్వరులో ఉంచడానికి ఇందులో చక్కని ఆధారం ఉంది. అవసరం అన్న మాటను సాగదీసి గ్రంథాలయమంతటినీ ఊరికి తెరవడానికి మాత్రం లేదు.

అలా సాగదీస్తే ఏమవుతుందో తెలుగు పాఠకులు అనుభవపూర్వకంగా ఎరుగుదురు. చిత్తూరు జిల్లాలో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజ్‌రెడ్డి ప్రేరణతో, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటి వంటి సంస్థల భాగస్వామ్యంతో 2000 దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపుదిద్దుకున్నది. వేలాది తెలుగు పుస్తకాలు అందులో చేరాయి. పల్లెటూరి పరిశోధకుడు మద్రాసుకో, హైదరాబాదుకో పరుగెత్తకుండా అలభ్య గ్రంథాన్ని ఇంటి నుంచే చదువుకోగలిగాడు. కాని స్వామ్యం తీరిన పాత పుస్తకాల నడుమ తీరనివి కూడా చేరిపోయాయి. కాపీరైట్ ఫిర్యాదుల పేరిట 2017 నాటికి ఆ ద్వారం మూతపడింది. దోషం లేని పుస్తకాలు కూడా దోషం ఉన్నవాటితో పాటు కనుమరుగయ్యాయి. వేరే చోట్ల దాచిన ప్రతుల వల్ల చాలా పుస్తకాలు నేటికీ దొరుకుతున్నవి గాని, ఒక గొప్ప ప్రజాగ్రంథాలయం నమ్మకమైన చిరునామాను పోగొట్టుకున్నది. ఏది ఎవరిదో ముందే వేరుచేసే ఓపిక ఉంటే ఈ గతి పట్టేది కాదు.

ఈ భయంతోనే కొన్ని సంస్థలు మరో అంచుకు పోతాయి. నెట్‌వర్క్‌ను రాత్రివేళ కట్టివేస్తాయి, పంచుకునే ఫోల్డర్లన్నిటినీ మూసివేస్తాయి. నగరంలో చదివేవాడికి దీనివల్ల వచ్చే నష్టం తక్కువ. మాచర్లలో చదివే విద్యార్థికి మంచి పుస్తకాల దుకాణం దగ్గరలో ఉండదు, పరిశోధన పత్రికలు తెప్పించే గ్రంథాలయం ఉండదు. అతనికి కళాశాల నెట్‌వర్కే గ్రంథాలయం. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలతో 'ఒకే దేశం - ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. సుమారు 13 వేల పత్రికలు దాని ద్వారా అందుబాటులోకి వస్తాయి. కాని తొలి దశ ప్రభుత్వ విద్యాసంస్థలకే పరిమితం. పల్నాటి పిల్లలలో ఎందరో చదివే ప్రైవేటు కళాశాలలు దాని బయట మిగిలాయి. న్యాయమైన దారి మూసి ఉంచి దొంగదారి పట్టినవారిని మాత్రమే దండించడం పాలకులకు శోభించదు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహణలో 2018లో జాతికి అంకితమైన జాతీయ డిజిటల్ గ్రంథాలయం వంటివి ఉచితంగానే ఉన్నాయి. వాటిని తమ సర్వరు మొదటి పుటలోనే విద్యార్థికి చూపించే కళాశాల, ఎన్ని హెచ్చరిక పలకలు కట్టినా సాధించలేనిది సాధిస్తుంది.

కళాశాల చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఫిర్యాదు అందుకునే అధికారి పేరు నోటీసు బోర్డు మీద ఉండాలి. ప్రవేశ సమయంలోనే నియమాలు తెలుగులో, అర్థమయ్యే మాటల్లో రాసి ఇవ్వాలి. ఫిర్యాదు వస్తే విద్యార్థిని పోలీసులకు అప్పగించేలోగా పిలిచి అడగాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. విద్యార్థి పేరు అడిగినవారందరికీ చెప్పకూడదు, చట్టబద్ధమైన ఉత్తర్వు చూపినవారికే చెప్పాలి. జరిమానాల జాబితాతో నిండిన నియమావళి కంటె ఇవి మెరుగైన రక్షణ.

జాషువ పుస్తకాల సంగతే చూడవచ్చు. ఆయన 1971లో కీర్తిశేషుడైనాడు. రచయిత మరణించిన ఏడాది ముగిసిన తరువాత 60 సంవత్సరాల వరకు కాపీరైట్ ఉంటుంది గనుక, ఆయన జీవితకాలంలో వెలువడిన కావ్యాలపై హక్కు 2031 డిసెంబరు ముగిసేవరకు కొనసాగుతుంది. వినుకొండలోని ఒక కళాశాల 'ఫిరదౌసి'లోని పాఠ్యభాగాన్ని తరగతి కోసం నేడే తన సర్వరులో ఉంచవచ్చు. కావ్యమంతటినీ ఉంచదలచుకుంటే హక్కుదారులకు ఒక ఉత్తరం రాసి అనుమతి అడగాలి. 2032 జనవరి 1 నాటి నుంచి ఆ ఉత్తరం కూడా అవసరం ఉండదు.